హృదయానికి రెండు దారులు

ఇంటి పెద్ద ఒకరు ఉదయపు నడక ముగించి మెట్లెక్కుతూ ఛాతీ పట్టుకొని కూలబడతారు. రెండు నిమిషాలకు బరువు దిగిపోతుంది. ‘గ్యాస్’ అని నిర్ణయించి, వాము నమిలి, ఆ విషయం మరచిపోతారు. మరొక ఇంట పూజకు కూర్చున్న అమ్మమ్మగారు ఉన్నట్టుండి కళ్లు తిరిగి పక్కకు ఒరుగుతారు. నిమిషం గడవకముందే తేరుకొని, తనకేమీ కాలేదంటారు. ‘ఉపవాసపు నీరసం’ అని గ్లూకోజు నీళ్లిచ్చి ఊరుకుంటారు.

ఈ రెండు సందర్భాలలోనూ దోషం హృదయంలోనే ఉండవచ్చు. అయితే అది ఒకే దోషం కాదు. మొదటిది రక్తపు దారికి సంబంధించినది. రెండవది విద్యుత్తు దారికి సంబంధించినది. ఈ భేదం తెలియక పోవటంవలన ఎన్నో కుటుంబాలు ఒక రోగానికి మరొక రోగపు చికిత్సను ఆశిస్తున్నాయి, లేదా విలువైన కాలాన్ని ఇంట్లోనే గడిపివేస్తున్నాయి. కనుక ఈ రెండు దారుల స్వరూపాన్ని, వాటిపై జరిగిన పరిశోధనలను, మన ఇంటి వైద్యం వాటికి ఎంతవరకు తోడ్పడగలదో క్రమంగా తెలుసుకుందాం.

హృదయం తన ఆకలి ఎలా తీర్చుకుంటుంది?

పిడికెడంత పరిమాణంలో, సుమారు 300 గ్రాముల బరువుతో ఉండే హృదయం రోజుకు దాదాపు లక్షసార్లు స్పందిస్తుంది. దాని గదుల నిండా రక్తమే ఉన్నా, ఆ రక్తంతో తన ఆకలి తీర్చుకోలేదు. గదుల లోపలి పలుచని పొరకు తప్ప మిగిలిన కండరానికి ఆ రక్తం అందదు. బృహద్ధమని మొదట్లో బయలుదేరి, హృదయాన్ని కిరీటంవలె చుట్టుకొని ఉండే కరోనరీ ధమనులే దానికి ఆహారాన్ని, ప్రాణవాయువును అందిస్తాయి. విశ్రాంతిగా ఉన్నపుడు వీటిగుండా నిమిషానికి సుమారు పావు లీటరు రక్తం ప్రవహిస్తుంది. అంటే హృదయం బయటకు పంపే రక్తంలో ఇరవయ్యవ వంతు మాత్రమే.

ఈ ప్రవాహంలో రెండు విశేషాలున్నాయి. శరీరం మొత్తంమీద రక్తంలోని ప్రాణవాయువులో సుమారు నాలుగవ వంతు మాత్రమే ఖర్చవుతుంది. హృదయ కండరం విశ్రాంతిలోనే 70 శాతానికి పైగా పీల్చుకుంటుంది. కనుక శ్రమ చేసినపుడు దానికి మిగిలి ఉన్న మార్గం ఒక్కటే: ప్రవాహాన్ని పెంచుకోవటం. ఆరోగ్యవంతునిలో ఇది మూడు నుండి ఐదు రెట్లు పెరగగలదు.

రెండవ విశేషం మరింత ముఖ్యమైనది. ఎడమ జఠరిక ముడుచుకున్నపుడు తన కండరంలోని రక్తనాళాలను తానే నొక్కివేస్తుంది. అందువలన దానికి రక్తం ప్రధానంగా అది సడలిన సమయంలోనే అందుతుంది. నాడి నిమిషానికి 75 ఉన్నపుడు ఒక్కొక్క స్పందనకు 0.8 సెకను పడుతుంది. అందులో ముడుచుకోవటానికి 0.3, సడలటానికి 0.5 సెకను. నాడి వేగం పెరిగినకొద్దీ ఎక్కువగా తగ్గిపోయేది ఈ సడలే సమయమే. అంటే హృదయం ఎంత తొందరపడితే దానికి భోజన విరామం అంత తగ్గుతుంది. అదే సమయంలో దాని ఆకలి మాత్రం పెరుగుతుంది.

ఇరుకు దారి ముందుగా ఎందుకు తెలియదు?

కరోనరీ ధమని లోపలి గోడలో కొవ్వు, సున్నం, నారకణజాలం చేరి దారి ఇరుకవుతుంది. అమెరికాకు చెందిన లాన్స్ గౌల్డ్, ఆయన సహచరులు 1974లో శునకాలపై చేసిన ప్రయోగాలలో ఒక కీలకమైన సంగతి వెల్లడైంది. ధమని వ్యాసం సగం మూసుకుపోయినపుడు, అవసరానికి ప్రవాహాన్ని పెంచుకునే శక్తి తగ్గటం మొదలవుతుంది. కాని విశ్రాంతిలోని ప్రవాహం మాత్రం దాదాపు 85 శాతం మూసుకుపోయేవరకు తగ్గదు.

మెట్లెక్కేటపుడు, బరువు మోసేటపుడు, కోపం వచ్చినపుడు ఛాతీ బరువెక్కి, కూర్చోగానే తగ్గిపోవటానికి కారణం ఇదే. దీనిని అంజైనా అంటారు. విశ్రాంతిగా పడుకోబెట్టి తీసిన ఇ.సి.జి. బాగున్నంత మాత్రాన రక్తపు దారి బాగున్నదని చెప్పలేకపోవటానికి కారణమూ ఇదే.

గుండెపోటు దీనికి భిన్నమైనది. ధమని గోడలోని కొవ్వు ముద్ద చిట్లి, దానిపై రక్తం గడ్డకట్టి, దారి హఠాత్తుగా మూసుకుపోతుంది. అంతవరకు దారి పెద్దగా ఇరుకుగా లేనివారికి కూడా ఇలా జరగవచ్చు. రక్తం అందని కండరం 20 నుండి 40 నిమిషాలలో శాశ్వతంగా దెబ్బతినటం మొదలవుతుంది.

1958 అక్టోబరు: రెండు ద్వారాలు తెరుచుకున్న నెల

హృదయ కుడి కర్ణికలో సైనస్ కణుపు అనే చిన్న కణసముదాయం ఉన్నది. అది నిమిషానికి 60 నుండి 100 సార్లు స్వల్పమైన విద్యుత్ ప్రేరణను పుట్టిస్తుంది. ఆ ప్రేరణ మధ్యనున్న ఏ.వి. కణుపు వద్ద క్షణకాలం ఆగి, అక్కడినుండి జఠరికలకు వ్యాపిస్తుంది. ఈ మధ్య కణుపు వద్ద దారి పూర్తిగా తెగిపోతే దానిని హార్ట్ బ్లాక్ అంటారు. అపుడు జఠరికలు తమంతట తాము నిమిషానికి 30, 40 సార్లు మాత్రమే కొట్టుకుంటాయి. ఒక్కొక్కపుడు కొన్ని సెకన్లపాటు ఆగిపోతాయి కూడా. మెదడుకు రక్తం అందక రోగి స్పృహ తప్పి పడిపోతాడు.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. మన వాడుకలో ‘బ్లాకు ఉన్నదన్నారు’ అంటే రక్తనాళంలో అడ్డు అని అర్థం. హార్ట్ బ్లాక్ అది కాదు. వైద్యుడు ఆ మాట అన్నపుడు ఏ దారిని గురించి అంటున్నారో అడిగి తెలుసుకోవటం మంచిది.

స్వీడన్ దేశస్థుడైన ఆర్నే లార్సన్ ఈ హార్ట్ బ్లాక్‌తోనే బాధపడేవాడు. ఆయనకు రోజుకు ఇరవై ముప్ఫైసార్లు స్పృహ తప్పేది. భార్య పట్టుదలతో వైద్యులను ఒప్పించగా, 1958 అక్టోబరు 8న స్టాక్‌హోంలోని కరోలిన్‌స్కా ఆసుపత్రిలో శస్త్రవైద్యుడు ఆకే సెన్నింగ్, ఇంజనీరు రూనే ఎల్మ్‌క్విస్ట్ తయారుచేసిన పరికరాన్ని ఆయన శరీరంలో అమర్చారు. మానవ శరీరం లోపల అమర్చిన మొదటి పేస్‌మేకర్ అది. కొన్ని గంటలకే పాడైపోయింది. మరొకటి అమర్చారు. అలా తన జీవితకాలంలో ఇరవైకి పైగా పేస్‌మేకర్లు మార్చుకున్న లార్సన్, ఆ వైద్యునికంటే, ఆ ఇంజనీరుకంటే కూడా ఎక్కువకాలం జీవించి, 2001లో 86వ ఏట కన్నుమూశాడు. ఆయన మరణానికి కారణం హృద్రోగం కాదు, క్యాన్సరు.

అదే నెల 30వ తేదీన అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో మరొక ద్వారం తెరుచుకున్నది. డాక్టర్ మేసన్ సోన్స్ ఒక రోగికి బృహద్ధమనిలో రంగుద్రవం ఎక్కించి ఎక్స్‌రే తీయబోగా, గొట్టం అనుకోకుండా కుడి కరోనరీ ధమనిలోకి జారింది. ద్రవమంతా అందులోకి పోయింది. హృదయం కొద్ది సెకన్లు ఆగింది. రోగిని గట్టిగా దగ్గమన్నారు. దగ్గగానే స్పందన తిరిగి మొదలైంది. కరోనరీ ధమనులను విడివిడిగా చిత్రించవచ్చునని ఆ ప్రమాదమే నేర్పింది. నేటి యాంజియోగ్రాం దాని సంతానమే. 1977 సెప్టెంబరులో జ్యూరిక్‌లో ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్ బెలూనుతో ధమనిని వెడల్పు చేశాడు. ఆ తరువాత స్టెంట్లు వచ్చాయి. 1998లో హైదరాబాదు వైద్యుడు సోమరాజు, శాస్త్రవేత్త అబ్దుల్ కలాం కలిసి రూపొందించిన తక్కువ ఖర్చు స్టెంటు ‘కలాం-రాజు స్టెంటు’గా పేరొందింది.

రెండు దారులు కలిసే చోటు

ఈ రెండు దారులు వేరైనా పరస్పర సంబంధం లేనివి కావు. ఏ.వి. కణుపుకు రక్తాన్నిచ్చే చిన్న ధమని నూటికి 80 మందికి పైగా కుడి కరోనరీ ధమనినుండే పుడుతుంది. ఆ ధమని మూసుకుపోయి గుండెపోటు వచ్చినపుడు నాడి హఠాత్తుగా మందగించటం అందుకే. అటువంటివారికి తాత్కాలిక పేసింగ్ అవసరం కావచ్చు. రక్తపు దారి బాగుపడితే చాలామందిలో విద్యుత్తు దారి కూడా కొద్ది రోజులలో కోలుకుంటుంది.

పేసింగ్ మరొక విధంగా కూడా పరిశోధకులకు ఉపయోగపడింది. అంజైనా రోగిని పరుగెత్తిస్తే నాడితోపాటు రక్తపోటు, శ్వాస, కండరాల శ్రమ అన్నీ మారుతాయి. వాటిలో నొప్పికి ఏది కారణమో విడదీయటం కష్టం. 1967లో ఎడ్గార్ సోటన్, ఆయన సహచరులు రోగిని పడుకోబెట్టి, కుడి కర్ణికలోకి సన్నని విద్యుత్ తీగను పంపి, నాడి వేగాన్ని మెట్లు మెట్లుగా పెంచారు. రోగి కాలు కదపలేదు. అయినా ఒక వేగానికి చేరగానే నొప్పి మొదలైంది. పేసింగ్ ఆపగానే తగ్గిపోయింది. ఇరుకైన ధమని ఉన్నవారికి నాడి వేగమే నొప్పిని తెచ్చిపెట్టగలదని ఈ పద్ధతి కళ్లకు కట్టింది.

నాడిని నెమ్మదింపజేసే బీటా బ్లాకర్ మందులు అంజైనాలో ఎందుకు పనిచేస్తాయో దీనివలన అర్థమవుతుంది. ఆ మందులు హృదయానికి భోజన విరామాన్ని పొడిగిస్తాయి. వాటిని రూపొందించిన జేమ్స్ బ్లాక్‌కు 1988లో నోబెల్ బహుమతి లభించింది. నొప్పి తగ్గినదని ఈ మందులను వైద్యుని అడగకుండా ఒక్కసారిగా మానటం ప్రమాదకరం.

పరిశోధనలు తేల్చిన సంగతులు

ధమనిలో ఇరుకు కనిపించిన ప్రతివారికీ స్టెంటు తప్పదా? 2007లో వెలువడిన కరేజ్ అధ్యయనంలో స్థిరమైన అంజైనా ఉన్న 2,287 మందిని పరిశీలించారు. సరైన మందులకు స్టెంటును జోడించినంత మాత్రాన మరణాలు, గుండెపోట్లు తగ్గలేదు. 2020లో ప్రచురితమైన ఇస్కీమియా అధ్యయనం 5,179 మందిలో దాదాపు ఇదే ఫలితాన్ని చూపింది. నొప్పి ఎక్కువగా ఉన్నవారికి మాత్రం స్టెంటువలన ఉపశమనం లభించింది. 2009 నాటి ఫేమ్ అధ్యయనం మరొక పాఠం చెప్పింది. చిత్రంలో కనిపించే ఇరుకును మాత్రమే చూడక, ఇరుకుకు ముందు, వెనుక రక్తపు ఒత్తిడిని కొలిచి స్టెంటు అవసరాన్ని నిర్ణయించినపుడు, స్టెంట్ల సంఖ్యా తగ్గింది, ఫలితాలూ మెరుగయ్యాయి.

అయితే ఇవి స్థిరమైన రోగానికి మాత్రమే వర్తిస్తాయి. గుండెపోటు జరుగుతున్న సమయంలో మూసుకున్న ధమనిని వెంటనే తెరవటం ప్రాణదానమే. ఈ భేదాన్ని మరువరాదు.

పేస్‌మేకర్ కూడా అవసరానికి మించి వాడదగినది కాదు. 2002 నాటి డేవిడ్ అధ్యయనంలో, హృదయ కండరం బలహీనపడి, నాడి మందగించే దోషం లేనివారికి కుడి జఠరికను తరచుగా పేసింగ్ చేయగా, మేలుకు బదులు హార్ట్ ఫెయిల్యూర్ పెరిగింది. నాడి నిజంగా మందగించేవారికి అదే పరికరం ప్రాణాధారం.

మన వైద్యం ఎక్కడ నిలుస్తుంది?

చరకుడు హృద్రోగాన్ని వాత, పిత్త, కఫ, సన్నిపాత, క్రిమిజ భేదాలతో ఐదు విధాలుగా వర్ణించాడు. వాగ్భటుడు వ్యానవాయువుకు హృదయాన్ని స్థానంగా చెప్పాడు. చక్రదత్తుడు హృద్రోగానికి అర్జున వృక్షపు బెరడును సూచించాడు. తెలుగునాట మనం తెల్లమద్ది అనేది దీనినే. పాలు, నీరు కలిపి ఈ బెరడుతో కాచే క్షీరపాకం ఇప్పటికీ వాడుకలో ఉన్నది.

దీనిపై ఆధునిక పరిశోధన కూడా జరిగింది. 2002లో ఇందోరు వైద్యులు స్థిరమైన అంజైనా ఉన్న 58 మంది పురుషులకు తెల్లమద్ది సారాన్ని, ఒక నైట్రేట్ మందును, మందు లేని ఉత్తుత్తి మాత్రను వారం చొప్పున మార్చి మార్చి ఇచ్చారు. ఉత్తుత్తి మాత్ర వారంతో పోలిస్తే తెల్లమద్ది వారంలో నొప్పి తగ్గింది, వ్యాయామ పరీక్షలో ఓపిక పెరిగింది. ఇది చిన్న అధ్యయనం, కొద్ది రోజుల అధ్యయనం. 2016లో ప్రచురితమైన ఢిల్లీ ఎయిమ్స్ అధ్యయనంలో హార్ట్ ఫెయిల్యూర్ ఉన్న వందమందిపై 12 వారాలు పరీక్షించగా, తెల్లమద్ది హృదయపు పంపు శక్తిని పెంచలేదు. కనుక తెల్లమద్దిని తోడుగా భావించవచ్చు గాని, వైద్యుడు రాసిన మందుకు బదులుగా భావించరాదు. మూసుకున్న ధమనిని అది తెరవదు. తెగిన విద్యుత్తు దారిని అది అతకదు.

గుండెపోటునుండి కోలుకున్న 3,959 మందిపై మన దేశంలో 24 ఆసుపత్రులలో జరిగి 2020లో వెలువడిన యోగా అధ్యయనం కూడా గమనింపదగినది. యోగావలన మరణాలు, గుండెపోట్లు తగ్గాయని నిశ్చయంగా తేలలేదు. కాని యోగా సాధన చేసినవారు తమ ఆరోగ్యం మెరుగైనదని భావించారు. మునుపటి పనులకు ఎక్కువమంది తిరిగి వెళ్లగలిగారు. ఇది చిన్న లాభం కాదు.

వంటింటి బలం, వంటింటి హద్దు

ఇంటి వైద్యం అసలు బలం రోగం రాకముందే ఉన్నది. 52 దేశాలలో జరిగి 2004లో వెలువడిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం ప్రకారం, మొదటి గుండెపోటు ప్రమాదంలో నూటికి తొంభై వంతులు తొమ్మిది అంశాలతో ముడిపడి ఉన్నాయి. పొగ, కొలెస్టరాల్ దోషం, రక్తపోటు, మధుమేహం, పొట్ట చుట్టూ కొవ్వు, మానసిక ఒత్తిడి, కూరగాయలు, పండ్లు తక్కువగా తినటం, వ్యాయామం లేకపోవటం వాటిలో ముఖ్యమైనవి. వీటిలో చాలావరకు ఇల్లాలి చేతిలో, ఇంటి యజమాని నడకలో ఉన్నవే.

ఉప్పు రోజుకు ఐదు గ్రాములకు, అంటే ఒక చెంచాకు మించరాదు. ఊరగాయలు, అప్పడాలు, వడియాలు, ఊరమిరపకాయలలోని ఉప్పును కూడా ఈ లెక్కలోనే కలుపుకోవలసి ఉంటుంది. వేపుళ్లకు వాడిన నూనెను మళ్లీ మళ్లీ కాచటం మంచిది కాదు. ఆకుకూరలు, పప్పులు, ముడిధాన్యాలు, రోజూ అరగంట చురుకైన నడక మేలు చేస్తాయి.

కొన్ని ఇంటి మందులతో మాత్రం జాగ్రత్త అవసరం.

అతిమధురం: ఎక్కువకాలం వాడితే రక్తంలో పొటాషియం తగ్గి, రక్తపోటు పెరిగి, నాడి లయ తప్పవచ్చు. హృద్రోగులకు తగదు.

వెల్లుల్లి: వంటలో వేసుకోవటానికి అభ్యంతరం లేదు. రక్తం గడ్డకట్టకుండా మందులు వాడేవారు మందు మోతాదులో తీసుకుంటే రక్తస్రావం పెరగవచ్చు.

కొబ్బరినీరు: మూత్రపిండాలు దెబ్బతిన్నవారిలో, కొన్ని రక్తపోటు మందులు వాడేవారిలో పొటాషియం హద్దు మీరి హృదయ లయకే ముప్పు తేవచ్చు. వైద్యుని అడిగి తాగాలి.

గన్నేరు, నాభి: ఇవి నేరుగా హృదయపు విద్యుత్తు దారిని దెబ్బతీసే విషాలు. ఎవరు చెప్పినా ఇంటి వైద్యంలో వాడరాదు.

పేస్‌మేకర్ ఉన్న ఇంట

పేస్‌మేకర్ నాడిని కాపాడుతుంది. కరోనరీ ధమనులలో కొవ్వు చేరకుండా ఆపలేదు. ‘పేస్‌మేకర్ ఉన్నది గనుక ఇక గుండెపోటు రాదు’ అనుకోవటం పొరపాటు. ఛాతీ నొప్పి వస్తే వారూ అందరివలెనే ఆసుపత్రికి పోవలసినవారే.

సెల్‌ఫోనును పరికరానికి కనీసం 15 సెంటీమీటర్ల దూరంలో ఉంచాలి. చొక్కా జేబులో పెట్టుకోరాదు. రెండవవైపు చెవి వద్ద మాట్లాడటం మంచిది. ఇండక్షన్ పొయ్యికి రెండడుగుల దూరం పాటించాలి. మామూలు గ్యాసు పొయ్యి, మిక్సీ, టీవీలతో భయం లేదు. పరికరం వివరాల కార్డు ఎల్లపుడూ వెంట ఉండాలి. ఎమ్.ఆర్.ఐ. తీసేముందు, శస్త్రచికిత్సకు ముందు ఆ సంగతి తప్పక చెప్పాలి. బ్యాటరీ సుమారు పదేళ్లు వస్తుంది. పరీక్షలు మానితే అది అయిపోవస్తున్న సంగతి తెలియదు.

చెప్పటానికి కష్టమైనా చెప్పవలసిన మాట మరొకటి ఉన్నది. పేస్‌మేకర్ ఉన్న వ్యక్తి మరణించినపుడు, దహనానికి ముందే దానిని వైద్యునిచేత తీయించాలి. చితి వేడికి బ్యాటరీ పేలగలదు. దుఃఖ సమయంలో ఎవరికీ ఈ ఆలోచన రాదు. కనుక ఇంట్లో ఒకరికైనా ముందే తెలిసి ఉండాలి.

ఆ క్షణాన ఏమి చేయాలి?

ఛాతీ మధ్యలో బరువు, ఎడమ చేతికో, దవడకో, వీపుకో పాకే నొప్పి, చెమటలు, ఆయాసం, వాంతి భావన కనిపిస్తే, అది గ్యాసేనని ఇంట్లో తీర్పు చెప్పరాదు. స్త్రీలలో, వృద్ధులలో, మధుమేహ రోగులలో నొప్పి లేకుండానే ఆయాసంగా, విపరీతమైన అలసటగా కూడా గుండెపోటు రావచ్చు. వాము, సోడా, కషాయం అంటూ కాలం గడపక వెంటనే 108కు ఫోను చేయాలి. రోగిని నడిపించరాదు. 1988లో వెలువడిన ఐసిస్-2 అధ్యయనంలో 17,187 మందిని పరిశీలించగా, గుండెపోటులో వెంటనే ఆస్పిరిన్ మొదలుపెట్టి నెలరోజులు వాడినవారిలో హృదయ, రక్తనాళ సంబంధ మరణాలు 23 శాతం తగ్గాయి. అయితే ఆ మందు పడనివారు, రక్తస్రావం ఉన్నవారు ఉంటారు. కనుక ఫోనులోని వైద్య సిబ్బంది సలహాతోనే ఇవ్వాలి.

స్పృహ తప్పి పడినవారు తమంతట తాము లేచినా, ‘తగ్గిపోయింది’ అని వదలరాదు. నాడి లెక్కించండి. నిమిషానికి 50కి తగ్గి, కళ్లు తిరగటం కూడా ఉంటే ఆలస్యం చేయక ఆ రోజే ఇ.సి.జి. తీయించండి. అది బాగున్నా, మళ్లీ స్పృహ తప్పితే ఇరవై నాలుగు గంటలు హృదయ లయను నమోదు చేసే హోల్టర్ పరీక్షను గురించి అడగండి. ఎవరైనా కుప్పకూలి, పిలిచినా పలుకక, శ్వాస లేకుంటే, 108కు కబురు చేస్తూనే ఛాతీ మధ్యలో రెండు అరచేతులతో, నిమిషానికి 100 నుండి 120 సార్లు, రెండంగుళాల లోతున గట్టిగా నొక్కుతూ ఉండాలి.

వాము మంచిదే, తెల్లమద్ది మంచిదే, నడక అన్నిటికంటె మంచిది. వాటికి తగిన కాలం రోగం రాకముందు, రోగం నిమ్మళించిన తరువాత. దారి మూసుకుపోతున్న గడియలో, లయ తప్పుతున్న గడియలో ఇంటివారు చేయగల అత్యుత్తమ వైద్యం ఒక్కటే: ఆలస్యం చేయకపోవటం.